లిబ్రేఆఫీస్ చాలా, ఎమ్మెస్ ఆఫీస్ కొనాలా? ముందు మీ ఫైల్ ఎవరి దగ్గరికి వెళ్తుందో చూడండి

బెంగళూరులో మనవాళ్ళు ఎవరు చిన్న ఆఫీసు తెరిచినా, పిల్లలకి కాలేజీ కోసం కొత్త ల్యాప్‌టాప్ కొన్నా, కొన్నాళ్ళకే ఒక ప్రశ్న వచ్చి పడుతుంది, ఎమ్మెస్ ఆఫీస్‌కి ఏడాదేడాదీ డబ్బు కట్టాలా లేకపోతే ఊరికే దొరికే లిబ్రేఆఫీస్‌తో పని అయిపోతుందా అని. మారతహళ్ళి, కుందలహళ్ళి, బీటీఎం లేఔట్ వైపు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఎవరైనా ఇది అడిగితే జవాబుగా ఒక పెద్ద టేబుల్ ఫార్వర్డ్ అవుతుంది, ఎడమ పక్క ఫీచర్లు, కుడి పక్క టిక్కులు. ఆ టేబుల్ చూస్తే అసలు తేడానే లేనట్టు ఉంటుంది, ఎందుకంటే మెయిల్ మర్జ్ రెండింట్లో ఉంది, పివట్ టేబుల్ రెండింట్లో ఉంది, ట్రాక్ చేంజెస్, పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్, పాస్‌వర్డ్ పెట్టడం, స్లైడ్లలో యానిమేషన్లు అన్నీ రెండింట్లో ఉన్నాయి. మరి వాడేటప్పుడు ఇబ్బంది ఎక్కడొస్తుంది? దాదాపు ఎప్పుడూ ఫైల్ ఒక మెషిన్ నుంచి ఇంకో మెషిన్‌కి వెళ్ళినప్పుడే. మీ ఫైల్ ఎవరికి పంపుతున్నారు, ఎవరి నుంచి వస్తోంది, పదేళ్ళ తర్వాత దాన్ని ఎవరు తెరవాలి, ఈ మూడింటికి జవాబు దొరికితే ఏది పెట్టుకోవాలో సగం తేలిపోతుంది. కొంచెం వివరంగా చెప్తాను.

ముందు పేర్ల గందరగోళం తీసేద్దాం. 1985లో జర్మనీలో మార్కో బోరీస్ అనే కుర్రాడు స్టార్ డివిజన్ అని ఒక కంపెనీ పెట్టాడు, వాళ్ళ ప్రోడక్ట్ స్టార్‌ఆఫీస్. 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ ఆ కంపెనీని కొని, 2000లో సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాం అసలు రాత, ఎవరైనా చూసి మార్చుకునేలా బయటపెట్టింది (ఓపెన్ సోర్స్ అంటే ఇదే), అదే ఓపెన్‌ఆఫీస్. 2010లో సన్‌ని ఒరాకిల్ కొనేసింది, ఒరాకిల్ చేతిలో ఇది ఏమవుతుందో అన్న భయంతో డెవలపర్లలో చాలామంది అదే ఏడాది సెప్టెంబర్‌లో విడిపోయి డాక్యుమెంట్ ఫౌండేషన్ అని ఒక సంస్థ పెట్టుకుని లిబ్రేఆఫీస్ మొదలుపెట్టారు. ఒరాకిల్ తర్వాత ఏడాది పాత ఓపెన్‌ఆఫీస్‌ని అపాచీ ఫౌండేషన్‌కి ఇచ్చేసింది. ఈ కథంతా ఎందుకంటే, ఇప్పటికీ ఓపెన్‌ఆఫీస్ అనే పేరు గుర్తుండి అదే డౌన్‌లోడ్ చేసుకుని, వాడి, చిరాకుపడి, ఓపెన్ సోర్స్ అంటే ఇంతే అని తీసేసేవాళ్ళు ఉన్నారు. అపాచీ ఓపెన్‌ఆఫీస్ 4.1 వచ్చింది 2014లో, అప్పట్నుంచి వచ్చినవన్నీ ఆ 4.1కి చిన్న చిన్న రిపేర్లే. వర్డ్ ఫైళ్ళ ఫార్మాట్ అయిన డాక్ఎక్స్‌ని తెరుస్తుంది గానీ డాక్ఎక్స్‌గా సేవ్ చేయలేదు. ఈ రోజుల్లో ఆ ఒక్కటి లేకపోతే ఇంకేం పని జరుగుతుంది? కాబట్టి పోల్చాలంటే లిబ్రేఆఫీస్‌తోనే పోల్చాలి, అది ఏడాదికి రెండు పెద్ద వెర్షన్లతో ముందుకెళ్తోంది, 2024 నుంచి వెర్షన్ నంబర్లు కూడా ఏడాది, నెల లెక్కన 24.2, 24.8 అని పెడుతున్నారు.

ఇప్పుడు అసలు విషయం, ఫైల్ ఫార్మాట్. లిబ్రేఆఫీస్ సొంత ఫార్మాట్ ఓడీఎఫ్, అది 2006లోనే ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) స్టాండర్డ్ అయింది. మైక్రోసాఫ్ట్ వాళ్ళ డాక్ఎక్స్, ఎక్స్ఎల్ఎస్ఎక్స్ కుటుంబం పేరు ఓఓఎక్స్ఎమ్ఎల్, అది 2008లో ఐఎస్ఓ స్టాండర్డ్ అయింది, కానీ పెద్ద గొడవ తర్వాత. ఆ ఓటింగ్‌లో మన దేశం తరఫున బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ 2007లో వద్దని ఓటేసింది, 2008లో మళ్ళీ అడిగినప్పుడు కూడా అదే మాట మీద నిలబడింది. ఆ స్టాండర్డ్ వేల పేజీలు ఉంటుంది, పైగా దాంట్లో స్ట్రిక్ట్ అని ఒకటి, ట్రాన్సిషనల్ అని ఒకటి రెండు రకాలు ఉన్నాయి. పాత వర్డ్ వెర్షన్ల అలవాట్లన్నీ మోసుకొచ్చేది ట్రాన్సిషనల్, వర్డ్‌లో మనం మామూలుగా సేవ్ కొడితే సేవ్ అయ్యేది అదే. అంటే బయటివాళ్ళు ఎవరైనా ఆ ఫైల్‌ని వర్డ్ చూపించినట్టే చూపించాలంటే స్టాండర్డ్ చదివితే చాలదు, వర్డ్ ముప్పై ఏళ్ళుగా ఏ లైన్‌ని ఎక్కడ విరగ్గొడుతుందో కూడా పట్టుకోవాలి. లిబ్రేఆఫీస్ డెవలపర్లు చేస్తున్న పనిలో పెద్ద భాగం ఇదే, ఇంత దూరం రావడమే గొప్ప అని నా అభిప్రాయం. ఎక్సెల్‌లో 1900 ఫిబ్రవరి 29 అని అసలు లేని తేదీ ఒకటి ఉంటుంది తెలుసా? అంతకుముందు అందరూ వాడిన లోటస్ 1-2-3 అనే స్ప్రెడ్‌షీట్‌లో ఉన్న తప్పుతో సరిపోవాలని ఎక్సెల్ దాన్ని అట్లాగే ఉంచింది, ఇప్పటికీ ఉంది. ఇట్లాంటివన్నీ దాటుకుని ఫైల్ తెరుచుకోవాలి.

అయితే "లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే ఫార్మాటింగ్ చెదిరిపోయింది" అనే కంప్లెయింట్‌లో నేను చూసినంతవరకు ఎక్కువసార్లు దొంగ వేరే ఉంటాడు, ఫాంటు. 2007 నుంచి వర్డ్‌లో డిఫాల్ట్ ఫాంట్ కాలిబ్రి, 2023 నుంచి ఆప్టోస్. ఇవి మైక్రోసాఫ్ట్ సొత్తు, లిబ్రేఆఫీస్ వాటిని తనతో తెచ్చుకోలేదు. రెజ్యూమె వర్డ్‌లో ఒక పేజీకి సరిగ్గా సరిపోయేలా చేసి పంపుతారు, అవతలి మెషిన్‌లో ఆ ఫాంట్ లేకపోతే ఇంకో ఫాంట్ వస్తుంది, అక్షరాల వెడల్పు కొంచెం మారుతుంది, లైను ఒక పదం ముందే విరిగిపోతుంది, అట్లా ముప్పై లైన్లు దాటేసరికి రెండో పేజీలో రెండు లైన్లు మిగిలిపోతాయి. దీనికి మందు కూడా ఉంది. ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్‌లకి బదులు లిబరేషన్ ఫాంట్లు, కాలిబ్రికి బదులు కార్లిటో, కేంబ్రియాకి బదులు కాలడియా అని ఉన్నాయి, అక్షరం రూపం వేరే అయినా వెడల్పు సరిగ్గా ఒరిజినల్‌దే ఉండేలా గీసినవి. పెళ్ళి హాల్లో కుర్చీల డిజైన్ మారినా వెడల్పు ఒకటే అయితే వరసకి పట్టే మనుషుల సంఖ్య మారదు కదా, అట్లాగే పేజీ చెదరదు. ఇవి లిబ్రేఆఫీస్‌తో పాటే వస్తాయి. కానీ ఆప్టోస్‌తో చేసిన ఫైల్ వస్తే, ఆ ఫాంట్ లేని ఏ మెషిన్‌లో అయినా చెదురుతుంది, పాత ఎమ్మెస్ ఆఫీస్ ఉన్న మెషిన్‌లో కూడా. రెండు సాఫ్ట్‌వేర్లలోనూ ఫాంట్‌ని ఫైల్‌లోనే కలిపి పెట్టే సెట్టింగ్ ఉంది, వర్డ్‌లో ఆప్షన్స్‌లో సేవ్ దగ్గర, లిబ్రేఆఫీస్‌లో వర్డ్ లాంటిదైన రైటర్‌లో ఫైల్ ప్రాపర్టీస్‌లో ఫాంట్ ట్యాబ్ దగ్గర. దాన్ని ఎవరూ వాడరు, వాడితే సగం గొడవలు తగ్గుతాయి. ఇక అవతలివాళ్ళు ఎడిట్ చేయాల్సిన పని లేని కాగితం, రెజ్యూమె గానీ కొటేషన్ గానీ ఇన్‌వాయిస్ గానీ, పీడీఎఫ్‌గానే పంపండి.

ఎక్సెల్ సంగతి వేరు. వర్డ్‌కి రైటర్ పూర్తిగా బదులవుతుంది అని నేను ధైర్యంగా చెప్తాను, పేజీ స్టైల్స్ విషయంలో అయితే రైటరే మెరుగు, ఒకే డాక్యుమెంట్‌లో నిలువు పేజీలు, అడ్డం పేజీలు, చాప్టర్‌కో హెడరు పెట్టాలంటే వర్డ్‌లో సెక్షన్ బ్రేకులతో పడే తిప్పలు ఇక్కడ ఉండవు, పెద్ద థీసిస్‌లు, పుస్తకాలు చేసేవాళ్ళు ఒకసారి చూడాలి. కానీ ఎక్సెల్‌కి లిబ్రేఆఫీస్‌లోని కాల్క్ పూర్తిగా బదులవుతుందా అంటే మీ పని బట్టి. మామూలు లెక్కలకి రెండూ సమానం. షీటుకి 10,48,576 వరసలు రెండింట్లోనూ అంతే, కాలమ్స్ కాల్క్‌లో 1,024 మాత్రమే ఉండేవి, 2022లో వచ్చిన 7.4 నుంచి ఎక్సెల్‌తో సమానంగా 16,384 అయ్యాయి. ఎక్స్‌లుకప్, ఫిల్టర్, యునీక్, సార్ట్ లాంటి కొత్త ఫంక్షన్లు కాల్క్‌లోకి 2024 ఆగస్టులో 24.8తో వచ్చాయి, ఎక్సెల్ 2019 కొనుక్కున్నవాళ్ళకి ఎక్స్‌లుకప్ లేదు, కాబట్టి ఆ విషయంలో ఉచితంగా దొరికే కొత్త కాల్క్ డబ్బు పెట్టి కొన్న పాత ఎక్సెల్ కంటే ముందుంది.

అయితే కాల్క్‌లో లేనివి లేవు. చాలా ఫైళ్ళ డేటాని తెచ్చి కలిపే పవర్ క్వెరీ లేదు, పెద్ద డేటా మీద లెక్కలు తీసే పవర్ పివట్ లేదు. నాలుగు బ్రాంచీల నుంచి నెలనెలా వచ్చే ఫైళ్ళని ఒక ఫోల్డర్‌లో పడేసి రిఫ్రెష్ కొడితే అన్నీ కలిసి ఒక రిపోర్ట్ అయ్యే పద్ధతి అలవాటైనవాళ్ళు కాల్క్‌కి రాలేరు, రమ్మని చెప్పడం కూడా తప్పు. వీబీఏ మాక్రోలు, అంటే ఎక్సెల్ ఫైల్ లోపల పనులు వాటంతటవే చేసే చిన్న ప్రోగ్రాములు, కాల్క్‌లో కొంతవరకు నడుస్తాయి, చిన్నవి బాగానే నడుస్తాయి, ఫారాలు బటన్లు ఉన్న పెద్దవి చాలాసార్లు ఆగిపోతాయి. ఇది సీఏ ఆఫీసులకి చాలా ముఖ్యం. ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో దొరికే ఎక్సెల్ యుటిలిటీలు, జీఎస్టీఆర్-9 ఆఫ్‌లైన్ టూల్ ఇవన్నీ మాక్రోలతో నడిచే ఎక్సెల్ ఫైళ్ళు, ఎక్సెల్‌లో నడపడానికే చేసినవి. అంటే గవర్నమెంటుకి లెక్కలు పంపే పనే మీ పని అయితే కనీసం ఒక మెషిన్‌లో ఒరిజినల్ ఎక్సెల్ ఉండాల్సిందే, దీనికి ఇంకో మాట లేదు. ఓపెన్ సోర్స్ మీద నాకు ఎంత ఇష్టమున్నా, పౌరులు ప్రభుత్వానికి రిటర్న్ వేయడానికి ఒక ప్రైవేటు కంపెనీ సాఫ్ట్‌వేర్ కొనాల్సి రావడం సరికాదని అనిపించినా, ఫైలింగ్ చివరి తేదీ రోజు మాక్రో నడవకపోతే దెబ్బ పడేది క్లయింటుకే. ఇన్‌కమ్ టాక్స్‌లో చిన్న రిటర్నులకి ఎక్సెల్ అక్కర్లేని వేరే ఆఫ్‌లైన్ యుటిలిటీ కూడా ఇచ్చారు, అది మంచి మార్పు.

ఉద్యోగం వెతుక్కునే పిల్లల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆంధ్రా, తెలంగాణల నుంచి వచ్చి పీజీల్లో ఉంటూ డేటా అనలిస్ట్ కోర్సులు చేసేవాళ్ళు మారతహళ్ళిలో ఎంతమందో. కంపెనీ ఇంటర్వ్యూలో అడిగేది ఎక్సెల్, పవర్ క్వెరీ, పవర్ బీఐ. వాళ్ళు ఎక్సెల్‌లోనే నేర్చుకోవాలి, స్టూడెంట్ మెయిల్ ఐడీ ఉంటే కాలేజీ ద్వారా వచ్చే లైసెన్స్ వాడుకోవచ్చు. కాకపోతే సమ్ఇఫ్స్, ఇండెక్స్ మ్యాచ్, పివట్ లాంటి బేసిక్స్ కాల్క్‌లో నేర్చుకున్నా ఎక్కడికీ పోవు, ఫార్ములా పేర్లు ఒకటే.

కాల్క్ నిజంగా గెలిచే చోటు ఒకటుంది, మన తెలుగువాళ్ళకి అది చాలా పనికొస్తుంది, సీఎస్వీ ఫైళ్ళు, అంటే కామాలతో విడదీసి మామూలు టెక్స్ట్‌గా దాచిన టేబుళ్ళు. ఒక తెలుగు సంఘం వాళ్ళు ఉగాది కార్యక్రమానికి గూగుల్ ఫారంలో పేర్లు తీసుకున్నారనుకోండి, కొంతమంది పేర్లు తెలుగులో టైప్ చేశారు. ఆ లిస్టుని సీఎస్వీగా దించుకుని డబుల్ క్లిక్ కొడితే ఎక్సెల్‌లో తెలుగు పేర్ల చోట యూరప్ భాషల వింత అక్షరాలు బారులు తీరి కనిపిస్తాయి. ఫైల్ పాడైందని అందరూ కంగారుపడతారు, ఫైల్ శుభ్రంగా ఉంది. ఫైల్ అన్ని భాషలూ పట్టే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలని నంబర్లుగా దాచే పద్ధతి) ఉంది, దాని మొదట్లో బామ్ అనే చిన్న గుర్తు లేకపోతే ఎక్సెల్ దాన్ని విండోస్ పాత ఎన్‌కోడింగ్‌గా చదివేస్తుంది, అందుకని ఒక్కో తెలుగు అక్షరం మూడు ముక్కలై కనిపిస్తుంది. ప్రమాదం ఏంటంటే ఆ స్థితిలో సేవ్ కొట్టేస్తే నిజంగానే పాడైపోతుంది. కాల్క్‌లో అదే ఫైల్ తెరిస్తే ముందు ఒక బాక్స్ వచ్చి ఎన్‌కోడింగ్ ఏది, కామాతో విడదీయాలా ట్యాబ్‌తోనా, ఏ కాలమ్ టెక్స్ట్‌గా ఉంచాలి అని అడుగుతుంది, కింద ప్రివ్యూ చూపిస్తుంది, తెలుగు కనిపించేదాకా మార్చుకుని ఓకే కొట్టడమే. ఎక్సెల్‌లో కూడా దారి ఉంది, డబుల్ క్లిక్ మానేసి డేటా ట్యాబ్‌లోంచి ఫ్రమ్ టెక్స్ట్ అనేదాంతో తెచ్చుకుని 65001 యూనికోడ్ అని ఎంచుకోవాలి, కానీ తెలిసినవాళ్ళకే తెలుసు.

నంబర్ల విషయం కూడా ఇంతే. ఎక్సెల్ 15 అంకెలు మించిన నంబర్‌ని గుర్తుంచుకోదు, 16 అంకెల కార్డు నంబరో అకౌంట్ నంబరో పడితే చివరి అంకె సున్నా అయిపోతుంది, ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. కాల్క్‌లో కూడా నంబర్‌గా తీసుకుంటే ముందున్న సున్నాలు పోతాయి, పొడవైన నంబర్లు చెదరొచ్చు, కానీ అది తెరిచేముందు అడుగుతుంది కాబట్టి ఆ కాలమ్‌ని టెక్స్ట్ అని పెట్టేసి తప్పించుకోవచ్చు. ఎక్సెల్ కొన్ని పేర్లని తేదీలుగా మార్చేస్తోందని 2020లో శాస్త్రవేత్తలు మనుషుల జన్యువుల పేర్లే మార్చుకున్నారు, మార్చ్1 అనే జన్యువు ఇప్పుడు మార్చ్ఎఫ్1. ఇంత అయ్యాక 2023లో మైక్రోసాఫ్ట్ ఆ ఆటోమేటిక్ మార్పిడిని ఆపుకునే సెట్టింగ్ ఇచ్చింది. ఇంగ్లండ్‌లో 2020లో కోవిడ్ కేసులు 15,841 లెక్కలోకి రాకుండా పోయాయి, కారణం పాత ఎక్స్ఎల్ఎస్ ఫార్మాట్‌లో 65,536 వరసలే పడతాయి, మిగతావి చప్పుడు లేకుండా రాలిపోయాయి. సాఫ్ట్‌వేర్ కొత్తదే, ఫైల్ ఫార్మాట్ పాతది. ఫైల్ గురించి ఆలోచించమని నేను ఇంతగా పట్టుబట్టేది ఇందుకే.

తెలుగు టైపింగ్ దగ్గరికి వద్దాం. అన్ని భాషల అక్షరాలకీ ఒక్కో నంబర్ ఇచ్చే యూనికోడ్‌లో "స్త్రీ" అని రాస్తే ఫైల్‌లో ఉండేది స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం అనే వరస మాత్రమే, వాటిని కలిపి వత్తులతో బొమ్మగా గీసేది షేపింగ్ ఇంజిన్. లిబ్రేఆఫీస్‌లో ఒకప్పుడు విండోస్‌కి ఒక ఇంజిన్, మ్యాక్‌కి ఒకటి, ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్‌కి ఒకటి వాడేవాళ్ళు, అందుకని ఒకే ఫైల్ మూడు చోట్ల మూడు రకాలుగా కనిపించేది. 2017లో 5.3 వెర్షన్ నుంచి అన్నిచోట్లా హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ఇంజినే పెట్టారు, తెలుగు అప్పట్నుంచి నిలకడగా ఉంది. ఎమ్మెస్ వర్డ్ విండోస్‌లో తెలుగు బాగానే చూపిస్తుంది, గౌతమి, వాణి, నిర్మల యూఐ విండోస్ వాళ్ళ ఫాంట్లే, కానీ అవి లినక్స్‌లో ఉండవు. రెండు పక్కలా ఒకేలా ఉండాలంటే స్వేచ్ఛగా దొరికే ఫాంట్లు, నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర, సురన్న లాంటివి అందరి మెషిన్లలో వేసుకోవడం మంచిది.

రెండింట్లోనూ ఒక సెట్టింగ్ జనాన్ని చాలా తిప్పలు పెడుతుంది. ఇంగ్లీషుకి ఒక ఫాంటు, తెలుగు లాంటి భాషలకి ఇంకో ఫాంటు విడిగా ఉంటుంది, వర్డ్‌లో దాని పేరు కాంప్లెక్స్ స్క్రిప్ట్స్, లిబ్రేఆఫీస్‌లో సీటీఎల్. తెలుగు ఫాంట్ సైజు మారడం లేదనో, స్టైల్‌లో ఫాంట్ మార్చినా తెలుగుకి పట్టడం లేదనో అనిపిస్తే మీరు మార్చింది ఇంగ్లీషు వైపు డబ్బా. లిబ్రేఆఫీస్‌లో ఆప్షన్స్‌లోకి వెళ్ళి భాషల దగ్గర కాంప్లెక్స్ టెక్స్ట్ లేఔట్‌కి టిక్ పెట్టి తెలుగు ఎంచుకుంటే ఆ రెండో డబ్బా కనిపిస్తుంది. స్పెల్ చెక్ రెండింట్లోనూ ఉంది, రెండింట్లోనూ అంతంతమాత్రమే. లిబ్రేఆఫీస్ వాడేది హన్‌స్పెల్, హంగేరియన్ భాష కోసం పుట్టింది, అది కూడా మన తెలుగులాగే ఒక మాటకి ప్రత్యయాలు తగిలించుకుంటూ పోయే భాష, అంటే ఆ ఇంజిన్‌కి ఆ శక్తి ఉంది. తెలుగు రూల్స్, మాటల జాబితా ఎవరైనా కూర్చుని రాయాలి. ఇది కంపెనీ కోసం ఎదురు చూడాల్సిన పని కాదు, మనమే చేయగల పని, హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్ళు తెలుగులో ఇట్లాంటి పనుల మీదే ఏళ్ళ తరబడి ఉన్నారు, ఇక్కడ బెంగళూరులో ఫ్రీ సాఫ్ట్‌వేర్ మూవ్‌మెంట్ కర్ణాటక వాళ్ళు ఉన్నారు.

యూనికోడ్ కాని అను తెలుగు ఫాంట్లలో ఉన్న పాత మెటీరియల్ సంగతి మాత్రం ఏ సాఫ్ట్‌వేర్ వల్లా తేలదు. డీటీపీ షాపుల్లో పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతో చేసిన పెళ్ళి శుభలేఖలు, సావనీర్లు, కథల పుస్తకాలు లక్షల్లో ఉంటాయి. లిబ్రేఆఫీస్‌కి పేజ్‌మేకర్ ఫైళ్ళు తెరిచే ఫిల్టర్ ఉంది, 2015లో 4.4తో వచ్చింది, మైక్రోసాఫ్ట్ వర్డ్‌కి అది లేదు. తెరుచుకుంటుంది గానీ లోపల ఉన్నది తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లకి తెలుగు బొమ్మలు తొడిగారు, ఆ ఫాంట్ లేకపోతే చెత్త కనిపిస్తుంది, ఫాంట్ ఉన్నా సెర్చ్‌కి దొరకదు. కర్ణాటక ఆఫీసుల్లో నుడి కన్నడ ఫాంట్లతో చేసిన పాత ఫైళ్ళది కూడా ఇదే కథ. వాటిని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, మనిషి ఒకసారి చదివి దిద్దుకోవాలి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

కలిసి ఒకే ఫైల్‌లో పని చేయడం విషయానికొస్తే లిబ్రేఆఫీస్ డెస్క్‌టాప్ ఇంకా వెనకే ఉంది. ముగ్గురు ఒకేసారి ఒకే షీట్‌లో రాయాలంటే గూగుల్ షీట్స్ గానీ మైక్రోసాఫ్ట్ 365 గానీ సుఖం. ఓపెన్ సోర్స్‌లో కావాలంటే లిబ్రేఆఫీస్ మీదే కట్టిన కొలాబొరా ఆన్‌లైన్‌ని, ఫైళ్ళు దాచి పంచుకునే నెక్స్ట్‌క్లౌడ్‌తో కలిపి సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు, లేదా ఓన్లీఆఫీస్, ఇది డాక్ఎక్స్‌నే తన సొంత ఫార్మాట్‌గా వాడుతుంది కాబట్టి వర్డ్ ఫైళ్ళతో బాగా కుదురుతుంది, చూడ్డానికి కూడా వర్డ్‌లాగే ఉంటుంది. కానీ సర్వర్ అంటే దాన్ని చూసుకునే మనిషి కావాలి, బ్యాకప్ కావాలి. ఐదుగురున్న ఆఫీసులో ఆ మనిషి లేకపోతే ఆ దారి పట్టకండి.

ఇక్కడే ఇంకో గందరగోళం, ఉచితం అన్నంత మాత్రాన ఓపెన్ సోర్స్ కాదు, స్వదేశీ అన్నంత మాత్రాన కూడా కాదు. గూగుల్ డాక్స్, డబ్ల్యూపీఎస్ ఆఫీస్ ఊరికే వాడుకోవచ్చు, కోడ్ మాత్రం వాళ్ళదే. 2025లో కేంద్రమంత్రి అశ్విని వైష్ణవ్ తాను జోహోకి మారుతున్నానని చెప్పాక జోహో ఆఫీస్ పేరు బాగా వినబడింది, చెన్నై కంపెనీ, రైటర్ షీట్ షో అన్నీ నిజంగా బాగుంటాయి, కానీ అది కూడా కమర్షియలే. మన దేశం కంపెనీ కావడం మంచిదే, అయినా రేపు ప్లాన్ ధర మారితేనో ఒక ఫీచర్ తీసేస్తేనో మీరు చేయగలిగింది తక్కువ. లిబ్రేఆఫీస్‌లో అట్లా కాదు, ఒరాకిల్ సమయంలో జరిగినట్టు నచ్చకపోతే కోడ్ తీసుకుని వేరే దారిలో వెళ్ళే హక్కు అందరికీ ఉంది.

డబ్బుల సంగతి. మైక్రోసాఫ్ట్ 365 చందా, కట్టడం ఆపేస్తే వర్డ్, ఎక్సెల్ యాప్‌లలో మీ ఫైళ్ళని చూడొచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు, ఎడిట్ చేయలేరు. ఒకసారి కొనే వెర్షన్లు కూడా ఉన్నాయి, ఆఫీస్ 2024 అట్లాంటిదే, కానీ వాటికీ గడువు ఉంటుంది, 2016, 2019 రెండింటికీ 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది, సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. ఇంటి కోసం అమ్మే పర్సనల్, ఫ్యామిలీ ప్లాన్లని వ్యాపారానికి వాడకూడదు, ఇది తెలియక చాలా చిన్న ఆఫీసులు ఫ్యామిలీ ప్లాన్‌నే ఆరుగురికి పంచుతుంటాయి. ఇంక సెకండ్ హ్యాండ్ మెషిన్‌తో పాటు "ఆఫీస్ కూడా వేసిచ్చాం అన్నా" అని ఇచ్చే క్రాక్ కాపీ, దాని జోలికి పోకండి. ఆ యాక్టివేటర్ల కోసం యాంటీవైరస్ ఆపమంటారు, అక్కడే మీ బ్యాంకు పాస్‌వర్డులు గాలికి పోయినట్టు. చట్టం కూడా చిన్నది కాదు, కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద దొంగ కాపీ అని తెలిసి వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉంది. డబ్బు లేకపోతే దొంగతనం ఒక్కటే దారి అనుకునే రోజులు పోయాయి, ఈ విషయం చిన్న వ్యాపారులందరికీ తెలియాలి.

పెద్ద సంస్థలు మారినప్పుడు ఏమైందో చూస్తే కూడా ఫీచర్ల మాట తక్కువే వినిపిస్తుంది. మ్యూనిక్ నగరం 2003లో లినక్స్ వైపు నిర్ణయం తీసుకుని 2013కల్లా దాదాపు 15 వేల మెషిన్లు మార్చింది, 2017లో కౌన్సిల్ మళ్ళీ విండోస్‌కి ఓటేసింది. అదే జర్మనీలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 2024లో 30 వేల ప్రభుత్వ కంప్యూటర్లని లిబ్రేఆఫీస్‌కి మారుస్తామని ప్రకటించింది, డేటా మీద సొంత అధికారం ఉండాలన్నది వాళ్ళ వాదన. మన పక్కనే కేరళ స్కూళ్ళలో కైట్ అనే ప్రభుత్వ సంస్థ ఏళ్ళ తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ పాఠాలు నడుపుతోంది, అక్కడ పిల్లలు నేర్చుకునేది లిబ్రేఆఫీస్‌లోనే, కోట్ల లైసెన్స్ ఖర్చు తప్పింది. అక్కడ నడవడానికి ఒక పెద్ద కారణం టీచర్లకి ముందు ట్రెయినింగ్ ఇవ్వడం, మెటీరియల్ మలయాళంలో ఉండటం. మన రెండు తెలుగు రాష్ట్రాల స్కూళ్ళలో ఇది ఎందుకు జరగకూడదో నాకు అర్థం కాదు.

మరి మీరు ఏం చేయాలి? ఇంట్లో వాడకానికి, కాలేజీ రిపోర్టులకి, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లెక్కలకి, తెలుగు సంఘం పనులకి లిబ్రేఆఫీస్ పెట్టుకోండి, రెండో ఆలోచన అక్కర్లేదు. పైన ఉన్న మెనూలు పాతకాలం లాగా అనిపిస్తే వ్యూలో యూజర్ ఇంటర్‌ఫేస్‌కి వెళ్ళి ట్యాబ్డ్ అని పెట్టండి, వర్డ్ రిబ్బన్ లాగా మారుతుంది. సీఏ ఆఫీసు, ఫైనాన్స్ టీమ్, క్లయింట్ నుంచి మాక్రో ఫైళ్ళు వచ్చేవాళ్ళు ఎక్సెల్ కొనండి, కానీ అందరికీ కొనక్కర్లేదు, పది మెషిన్లలో నిజంగా ఎక్సెల్ అవసరమైనవి ఏ రెండో మూడో ఉంటాయి, మిగతావి ఉత్తరాలు, కొటేషన్లు, చిన్న లిస్టులు చేసే మెషిన్లు. లాయర్లు, ట్రాన్స్‌లేటర్లు రోజూ క్లయింట్‌తో డాక్ఎక్స్ అటూ ఇటూ ట్రాక్ చేంజెస్‌తో తిప్పుతుంటే అవతలివాళ్ళు వాడేదే వాడటం మేలు, పదిసార్లు తిరిగే ఫైల్‌లో ఏదో ఒక నంబరింగ్ ఎక్కడో ఒకచోట జారుతుంది.

మారాలనుకుంటే ఒకేసారి మారకండి. లిబ్రేఆఫీస్ డబ్బు తీసుకోదు కాబట్టి ఉన్న ఎమ్మెస్ ఆఫీస్ పక్కనే వేసుకోవచ్చు, రెండూ గొడవపడవు. మీ దగ్గరున్న వాటిలో అన్నింటికంటే కష్టమైన ఫైళ్ళు తీయండి, లెటర్‌హెడ్ ఉన్న డాక్యుమెంటు, ఫార్ములాలు ఎక్కువున్న షీటు, తెలుగు ఇంగ్లీషు కలిసిన నోటీసు, అవి లిబ్రేఆఫీస్‌లో తెరిచి, ఏదో ఒకటి మార్చి, డాక్ఎక్స్ లేదా ఎక్స్ఎల్ఎస్ఎక్స్‌గా సేవ్ చేసి, మళ్ళీ ఎమ్మెస్ ఆఫీస్‌లో తెరిచి చూడండి. వెళ్ళిరావడం రెండూ చూడాలి, చాలామంది తెరుచుకుందా లేదా అని చూసి ఆపేస్తారు. అన్నీ సరిగ్గా ఉంటే ఆప్షన్స్‌లో లోడ్ సేవ్ దగ్గర ఎప్పుడూ వర్డ్ ఫార్మాట్‌లోనే సేవ్ అయ్యేలా పెట్టుకోండి, బయటికి వెళ్ళని మీ సొంత ఫైళ్ళు మాత్రం ఓడీఎఫ్‌లో ఉంచండి. ఏ ఫైల్ దెబ్బతింటే ఆ ఒక్క రకం పనికి ఒక మెషిన్‌లో ఎక్సెలో వర్డో ఉంచుకుని, మిగతా లైసెన్సులు రెన్యువల్ తేదీ వచ్చేలోపు ఆపేయండి.